వంద మీటర్లకు 2 నిమిషాల 10 సెకన్లు: ఇది మరీ తక్కువ వేగమా?

ప్రశ్న: నా వయసు 43 సంవత్సరాలు. పుట్టి పెరిగింది రాజమహేంద్రవరం. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. చిన్నప్పుడు కోటిలింగాల రేవులో ఈత నేర్చుకుని, వేసవిలో నీరు తగ్గినప్పుడు లంక దాకా ఈది వచ్చినవాణ్ణి. ఇరవై ఏళ్ళు వదిలేసి, ఆరు నెలల నుంచి ఇంటి దగ్గరున్న 25 మీటర్ల కొలనులో మళ్ళీ ఈదుతున్నాను. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌కు 2 నిమిషాల 10 సెకన్లు పడుతోంది. మొదటి 50 మీటర్లు 55 సెకన్లలో అయిపోతాయి, ఆ తరువాత ఊపిరి అందదు. ఒలింపిక్స్‌లో ఇదే దూరాన్ని 46 సెకన్లలో ఈదడం చూశాక, నాది మరీ ఇంత తక్కువ వేగమా అనిపించింది. 12 ఏళ్ళ మా అమ్మాయి అదే కొలనులో 50 మీటర్లను 38 సెకన్లలో ఈదిందని వాళ్ళ కోచ్ స్టాప్‌వాచ్ చూసి చెప్పారు. వచ్చే నెల మొదటిసారి పోటీకి వెళుతోంది. ఆ టైమింగ్ మంచిదేనా? దయచేసి వివరించగలరు.
ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: మీ వేగం మరీ తక్కువ కాదు. ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ నీళ్ళలోకి దిగి, ఆరు నెలలుగా సొంతంగా సాధన చేస్తున్న నడివయసు వారిలో చాలామంది 100 మీటర్లను ఇంచుమించు 2 నిమిషాలకూ రెండున్నర నిమిషాలకూ మధ్యనే పూర్తి చేస్తారు. ఏళ్ళ తరబడి వారానికి మూడు నాలుగు రోజులు ఈదేవారు 1 నిమిషం 40 సెకన్ల దగ్గరికి వస్తారు. చిన్నతనంలో పోటీల్లో పాల్గొని, శిక్షణ మానకుండా కొనసాగించిన వారైతే ఈ వయసులోనూ నిమిషంన్నర లోపు ఈదగలరు. మీరు మొదటి మెట్టు మీద స్థిరంగా ఉన్నారు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది 2 నిమిషాల 10 సెకన్లు అన్న మొత్తం కాదు. దానిలోని రెండు ముక్కలు. మొదటి సగానికి 55 సెకన్లు, రెండో సగానికి 75 సెకన్లు. అసలు సంగతి అక్కడే ఉంది. దాని దగ్గరికి వచ్చే ముందు, మీ మనసులో నాటుకున్న ఆ 46 సెకన్ల గురించి కొంత చెప్పాలి.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా యువకుడు పాన్ ఝాన్‌లె 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.40 సెకన్లలో పూర్తి చేశాడు. సెకనుకు సుమారు 2.16 మీటర్లు, అంటే గంటకు 7.8 కిలోమీటర్లు. నేల మీద చూస్తే ఇది ఉదయం పార్కులో నింపాదిగా పరుగెత్తే మనిషి వేగం. మీ వేగం గంటకు సుమారు 2.8 కిలోమీటర్లు. మామూలుగా నడిచే మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడనుకుంటే, నీళ్ళలో ఆ వేగం అందుకోవడానికి 100 మీటర్లను 72 సెకన్లలో ఈదాలి. శిక్షణ లేని వారికి అది అందని మాట. రోడ్డు మీద ఏ ప్రయాసా లేకుండా నడిచే వేగం నీళ్ళలో గొప్ప సాధనకు గుర్తవుతున్నదంటే దానికి కారణం నీటి నిరోధం. వేగం రెట్టింపైతే ఆ నిరోధం నాలుగు రెట్లవుతుంది. దాన్ని తట్టుకుంటూ ముందుకు పోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మీరు ఇప్పటి వేగానికి పదో వంతు కలపాలనుకుంటే ఇంచుమించు మూడో వంతు శక్తి అదనంగా పెట్టాలి. కాబట్టి ఈతలో బలం పెంచుకోవడం కన్నా నిరోధం తగ్గించుకోవడమే లాభసాటి. మీకు ఇవ్వబోయే సలహాలన్నిటికీ మూలం ఈ ఒక్క సంగతే.

ఆ 46 సెకన్లు ఒక్క మనిషి సాధించినవి కావన్న విషయం కూడా గుర్తు పెట్టుకోవాలి. 1922లో జానీ వైస్‌ముల్లర్ 58.6 సెకన్లతో 100 మీటర్లను మొట్టమొదటిసారి నిమిషం లోపు ఈదాడు. 50 సెకన్ల గీత దాటడానికి మరో 54 ఏళ్ళు పట్టింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో జిమ్ మాంట్‌గొమరీ 49.99 సెకన్లలో ఆ పని చేశాడు. వైస్‌ముల్లర్ నుంచి పాన్ ఝాన్‌లె వరకు 102 సంవత్సరాల్లో తగ్గింది 12.2 సెకన్లు. స్త్రీలలో నిమిషం గీతను 1962లో ఆస్ట్రేలియాకు చెందిన డాన్ ఫ్రేజర్ దాటింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో మార్క్ స్పిట్జ్ 51.22 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. 2017లో బుడాపెస్ట్‌లో స్వీడన్ క్రీడాకారిణి సారా షోస్ట్రోమ్ 51.71 సెకన్లలో ఈదింది. స్పిట్జ్ కాలానికి అర సెకను దూరం. ఈ వందేళ్ళలో కొలనులు మారాయి, అంచులకు తగిలి అలలు వెనక్కి రాకుండా ఏర్పాట్లు వచ్చాయి, గోడ దగ్గర పల్టీ కొట్టి తిరిగే టర్న్ వచ్చింది, నీటి అడుగున డాల్ఫిన్‌లా శరీరాన్ని ఆడించే కిక్ వచ్చింది. దుస్తుల ప్రభావం ఎంతటిదో కూడా ప్రపంచం చూసింది. 2009లో పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన సూట్లు వేసుకుని రోమ్ ప్రపంచ పోటీల్లో ఈదిన వారు రికార్డులను వరుసగా తిరగరాశారు. 2010 మొదటి రోజు నుంచి ఆ సూట్లను నిషేధించారు. ఆ పోటీల్లో జర్మనీకి చెందిన పాల్ బీడర్‌మన్ 400 మీటర్లలో నెలకొల్పిన 3 నిమిషాల 40.07 సెకన్ల రికార్డును అదే దేశానికి చెందిన లూకాస్ మార్టెన్స్ 2025 ఏప్రిల్‌లో 3 నిమిషాల 39.96 సెకన్లతో చెరిపాడు. సెకనులో 11 వందో వంతుల కోసం దాదాపు పదహారేళ్ళు పట్టింది.

మీరు పోల్చుకోదగిన మనిషి ఒలింపిక్స్‌లోనే మరొకరున్నారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చిన ఎరిక్ ముసాంబానీ ఈత నేర్చుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. 50 మీటర్ల కొలనును ఆయన చూడడమే అక్కడ మొదటిసారి. తన హీట్‌లో, అంటే తొలి దశ పోటీలో, మిగిలిన ఇద్దరూ ముందుగా దూకి అనర్హులు కావడంతో ఒంటరిగా ఈది, చివరి మీటర్లలో దాదాపు నిలిచిపోయి, 1 నిమిషం 52.72 సెకన్లలో గోడ తాకారు. నాకు ఆ ఈత అంటే ఎనలేని గౌరవం. ఆయనది బలం లేని శరీరం కాదు. మొదటి 50 మీటర్లను తాహతుకు మించి ఈదడం వల్లనే చివర్లో ఆ అవస్థ వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో ఆయన అదే దూరాన్ని నిమిషం లోపుకు తెచ్చుకున్నారు.

ఇప్పుడు మీ 55, 75 సెకన్ల దగ్గరికి వద్దాం. పాన్ ఝాన్‌లె పారిస్‌లో మొదటి 50 మీటర్లను 22.28 సెకన్లలోను, రెండో 50 మీటర్లను 24.12 సెకన్లలోను ఈదాడు. తేడా రెండు సెకన్ల లోపే. అందులోనూ పెద్ద భాగం, మొదటి సగంలో దిమ్మె మీది నుంచి దూకడం వల్ల వచ్చిన లాభమే. ఎక్కువ దూరాల్లో ఈ సమత ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అమెరికా క్రీడాకారిణి కేటీ లెడెకీ 2018లో 1500 మీటర్లను 15 నిమిషాల 20.48 సెకన్లలో ఈదినప్పుడు ప్రతి 100 మీటర్లకూ ఆమెకు పట్టిన సగటు కాలం 61 సెకన్ల పైచిలుకు. అలాంటి వంద మీటర్లను పదిహేనుసార్లు ఆమె ఆగకుండా, ఒకదాని వెనుక ఒకటిగా, అదే లయలో ఈదింది. మీకు రెండు సగాల మధ్య తేడా 20 సెకన్లు. మీరు నీళ్ళలో నుంచే గోడను తన్ని బయలుదేరుతున్నారనుకుంటే, దూకడం వల్ల వచ్చే లాభం కూడా మీ మొదటి సగంలో లేదు. అంటే ఆ 20 సెకన్లూ మీరు మొదట్లో అప్పు చేసి, తరువాత వడ్డీతో కడుతున్నవే.

ఈ వారంలో ఒక ప్రయత్నం చేసి చూడండి. మొదటి 50 మీటర్లను కావాలనే 62 సెకన్లకు తగ్గకుండా ఈదండి. విసుగ్గా, చేతులు బరువెక్కనంత నెమ్మదిగా అనిపిస్తుంది, అలాగే అనిపించాలి. రెండో సగం 65 సెకన్ల దగ్గర పూర్తవుతుందని నా అంచనా. అలా జరిగితే ఏ కొత్త బలమూ లేకుండానే, కేవలం పంపకం మార్చినందుకు, మొత్తం 2 నిమిషాల 7 సెకన్లకు వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, గోడ తాకిన తరువాత పదిసార్లు ఊపిరి తీసుకునేలోగా మళ్ళీ ఈదగల స్థితిలో ఉంటారు.

ఊపిరి అందకపోవడానికి రెండో కారణం మీ గోదావరి ఈతలోనే ఉందని అనుకుంటున్నాను. నదిలో ఈత నేర్చిన వారు తల పైకెత్తి ఈదుతారు. అక్కడ అది సరైన పద్ధతే; ఎదురుగా పడవ వస్తున్నదా, సుడి ఉన్నదా, రేవు ఎటు ఉన్నది అన్నవి చూసుకోకుండా నదిలో ఈదేవాడు బతికి బట్టకట్టడు. ప్రవాహం వాలుగా తోడు వచ్చినప్పుడు వేగం దానంతట అదే కలుస్తుంది, అలసిపోతే వెల్లకిలా తేలి సేద తీరవచ్చు. నదిలో లంక దాకా వెళ్ళి రావడం ఒక విద్య, కొలనులో గడియారంతో 100 మీటర్లు ఈదడం మరొక విద్య; మొదటిది వచ్చినవారికి నీటి భయం ఉండదు కనుక రెండోది త్వరగా పట్టుబడుతుంది. అయితే కొలనులో తల ఎత్తిన ప్రతిసారీ నడుమూ కాళ్ళూ కిందికి దిగుతాయి. నీటిని చీల్చుకుపోవలసిన శరీరం, ఏటవాలుగా పెట్టిన పలకలా నీటికి అడ్డం పడుతుంది. నిరోధం గురించి పైన చెప్పిన లెక్క అంతా అప్పుడు మీకు ఎదురు తిరుగుతుంది.

అందుచేత చూపు కొలను అడుగున ఉన్న నల్ల గీత మీద ఉంచండి. ఊపిరి పీల్చడానికి తలను లేపకుండా, భుజంతోపాటు ఒంటిని పక్కకు దొర్లించి, ఒక చెంప నీళ్ళలోనే ఉండగా నోటితో గాలి తీసుకోండి. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కుతోనూ నోటితోనూ గాలి వదులుతూనే ఉండాలి. చాలామంది గాలిని లోపల బిగబట్టి, తల బయటికి వచ్చిన ఆ క్షణంలోనే వదలడమూ పీల్చడమూ రెండూ చేయబోతారు. ఊపిరి అందడం లేదని వారు అనుకుంటారు గానీ నిజానికి లోపలి గాలి బయటికి పోవడం లేదు. మీ వర్ణన చదివితే మీ ఇబ్బంది కూడా ఇదేననిపిస్తున్నది.

దీనితోపాటు బారలు లెక్కపెట్టుకోండి. వేగం అంటే ఒక్కో బారకు ఎంత దూరం జారుతున్నారు, నిమిషానికి ఎన్ని బారలు వేస్తున్నారు అన్న రెండింటి గుణకారమే. 25 మీటర్లకు మొదటి ల్యాప్‌లో 22 బారలు, నాలుగో ల్యాప్‌లో 30 బారలు పడుతున్నాయంటే, అలసట వల్ల చేయి నీటిని పట్టుకోకుండా కోసుకుపోతున్నదని అర్థం. నాలుగు ల్యాప్‌లలోనూ బారల సంఖ్య రెండు మూడుకు మించి తేడా రాకుండా ఈదడం నేర్చుకుంటే, గడియారం దానంతట అదే మాట వింటుంది.

మీ నిలకడ వేగం తెలుసుకోవడానికి కోచ్‌లు వాడే ఒక చిన్న లెక్క ఉంది. ఒకే రోజున, మధ్యలో బాగా విశ్రాంతి తీసుకుని, 400 మీటర్లు ఒకసారి, 200 మీటర్లు ఒకసారి మీకు చేతనైనంత వేగంగా ఈదండి. 400కు 9 నిమిషాల 44 సెకన్లు, 200కు 4 నిమిషాల 40 సెకన్లు పట్టాయనుకుందాం. రెండింటి తేడా 304 సెకన్లు. దానిలో సగం 152 సెకన్లు. అంటే 100 మీటర్లకు 2 నిమిషాల 32 సెకన్ల చొప్పున మీరు అలసట ముంచుకురాకుండా చాలాసేపు ఈదగలరన్నమాట. సాధనలో ఎక్కువ భాగం ఆ వేగం చుట్టూ జరగాలి: 100 మీటర్ల చొప్పున ఆరేడు సార్లు, మధ్యలో 20 సెకన్ల విరామంతో. ఆరు వారాలకొకసారి పరీక్ష మళ్ళీ చేయండి. మీరు నిజంగా మెరుగుపడ్డారో లేదో చెప్పేది ఈ అంకె. ఒక మంచి ఉదయం పూట ఒక్కసారి వచ్చిన 100 మీటర్ల కాలం కాదు.

దూరం మారితే వేగానికి అర్థం ఎలా మారుతుందో చెప్పడానికి మన తెలుగు మహిళే ఒక ఉదాహరణ. 2021 మార్చిలో గోలి శ్యామల శ్రీలంక వైపు నుంచి ధనుష్కోడి వరకు పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 100 మీటర్లకు సగటు చూస్తే ఇంచుమించు 2 నిమిషాల 45 సెకన్లు. కేవలం అంకె చూసి మీ 100 మీటర్లు అంతకన్నా వేగమని అనవచ్చు. ఉప్పునీటిలో, అలల మధ్య ఆ సగటును పదమూడు గంటలకు పైగా నిలబెట్టడం ఎంత పెద్ద పనో వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి ఆవిడ వయసు మీ ఇప్పటి వయసు కన్నా ఎక్కువ. వయసు మాట వచ్చింది కనుక మరొకటి: 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 41 ఏళ్ళ డారా టోరెస్ 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 24.07 సెకన్లతో రజతం గెలిచింది. స్వర్ణానికి ఆమె దూరం సెకనులో ఒక్క వందో వంతు. ఆమె జీవితమంతా క్రీడాకారిణే కాబట్టి మీకు పోలిక చెప్పడం లేదు. నలభై దాటాక శరీరం వేగాన్ని మరిచిపోతుందన్న భయం అక్కరలేదని చెబుతున్నాను. ఆయాసపడేంత వేగంగా సాధన మొదలుపెట్టే ముందు మాత్రం ఒకసారి రక్తపోటు, గుండె పరీక్ష చేయించుకోండి.

ఇక మీ అమ్మాయి సంగతి. 38 సెకన్లు పోటీలకు కొత్త అయిన 12 ఏళ్ళ పాపకు మంచి ఆరంభం. జాతీయ స్థాయి వయోవర్గ పోటీల్లో పతకాల కోసం ఈదే ఆ వయసు బాలికలు 30 సెకన్ల చుట్టుపక్కల, అంతకన్నా తక్కువలోనూ ఈదుతారు కాబట్టి ముందున్న దారి చిన్నదేమీ కాదు. ఆ ఎనిమిది సెకన్లు ఒక్క ఏడాదిలో తగ్గవలసినవి కావు. ఈ వయసులో ఒక పాప నాలుగంగుళాలు ముందే పెరిగి ఉండవచ్చు, పక్క లేన్‌లోని పాపకు ఆ ఎదుగుదల ఇంకా మొదలు కాకపోవచ్చు. ఆ ఇద్దరి టైమింగులనూ పక్కపక్కన పెట్టి ఎవరిలో ఎంత సామర్థ్యం ఉందో చెప్పడం ఏ కోచ్‌కూ సాధ్యం కాదు. శరీరం మారే దశలో కొన్ని నెలలు కాలం తగ్గకపోవచ్చు, కాస్త పెరగనూ వచ్చు. అప్పుడు ఇంట్లో ఎవరూ దాన్ని సోమరితనంగా తీసుకోకూడదు. ఈ మాట నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే కొలను ఒడ్డున చాలా సంవత్సరాలు గడిపిన నేను, పదమూడో ఏట ఈత మానేసిన పిల్లల్లో ఎక్కువమంది నీటి మీద ఇష్టం పోయి కాక, స్టాప్‌వాచ్ పట్టుకున్న తల్లిదండ్రుల ముఖం చూడలేక మానడం చూశాను.

మీరు తప్పక తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. మీ కొలనులో వచ్చిన 38 సెకన్లు, పోటీలో బోర్డు మీద కనబడే 38 సెకన్లు ఒకటి కావు. 25 మీటర్ల కొలనులో 50 మీటర్లు ఈదితే మధ్యలో ఒకసారి గోడను తన్ని, నీటి అడుగున జారే అవకాశం వస్తుంది. ఈత మధ్యలో శరీరం అత్యంత వేగంగా కదిలేది ఆ క్షణంలోనే. 50 మీటర్ల కొలనులో అది ఉండదు. సీజర్ సియెలో 2009లో 50 మీటర్ల కొలనులో నెలకొల్పిన 20.91 సెకన్ల రికార్డు పదేళ్ళకు పైగా నిలిచింది. 2024 డిసెంబరులో కేమన్ దీవులకు చెందిన జోర్డన్ క్రూక్స్ 25 మీటర్ల కొలనులో అదే దూరాన్ని 19.90 సెకన్లలో పూర్తి చేశాడు. మనుషులు వేరు, కాలం వేరు, దుస్తులు వేరు. అయినా గోడ విలువ ఎంతటిదో ఊహించడానికి ఈ జంట చాలు. పైగా చేతిలోని స్టాప్‌వాచ్‌తో కొలిచేవారు ఈల విన్న తరువాత మీట నొక్కుతారు, చేయి గోడను తాకబోవడం కళ్ళారా చూస్తూ ఆపుతారు. మొదట్లో ఆలస్యం ఉంటుంది, చివర్లో ఉండదు. అందువల్ల చేతితో తీసిన కాలం అసలు కన్నా సెకనులో రెండు పదో వంతులు తక్కువ చూపడం సాధారణం.

ఈ చిన్న తేడాలు ఎందుకంటారేమో. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో విర్ధవల్ ఖాడే 50 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్‌లో 22.43 సెకన్లతో భారత జాతీయ రికార్డు నెలకొల్పి, ఫైనల్లో 22.47 సెకన్లతో నాలుగో స్థానంలో ఆగిపోయాడు. కాంస్యం 22.46కు వెళ్ళింది. సెకనులో వందో వంతులో ఆ వేగంతో వెళ్ళే మనిషి కదిలేది రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. 1972లో మ్యూనిక్‌లో నాలుగు రకాల ఈతలూ కలిసిన 400 మీటర్ల మెడ్లీ స్వర్ణాన్ని వెయ్యో వంతుల తేడాతో నిర్ణయించారు. గున్నార్ లార్సన్, టిమ్ మెకీల మధ్య తేడా సెకనులో వెయ్యింట రెండు వంతులు. ఆ తరువాత వెయ్యో వంతులను లెక్కలోకి తీసుకోవడం మానేశారు, ఎందుకంటే ఒక లేన్ గోడకూ పక్క లేన్ గోడకూ నిర్మాణంలో వచ్చే తేడాయే అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. అందుకే ఈతలో ఇద్దరికి ఒకే స్వర్ణం రావడం ఇప్పటికీ చూస్తున్నాం.

కాబట్టి పోటీకి పేరు నమోదు చేసేటప్పుడు అడిగే ప్రవేశ సమయం గడిలో 38 అని రాయకండి. ఆ పోటీ 50 మీటర్ల కొలనులో జరిగేటట్లయితే, ముందుగా ఒకసారి అలాంటి కొలనులోనే, పోటీలో లాగానే దిమ్మె మీది నుంచి దూకించి కాలం తీయమని కోచ్‌ను అడగండి, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి ప్రాంగణంలో ఉన్నది 50 మీటర్ల కొలనే. అక్కడ 39న్నర వస్తే 39న్నరే రాయండి. హీట్లనూ లేన్లనూ ఆ అంకెను బట్టే కేటాయిస్తారు. వేగం ఎక్కువని రాసిన వారిని వేగవంతుల మధ్య, నడి లేన్లలో వేస్తారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే మీ అమ్మాయి తనతో సమానంగా ఈదే పిల్లల పక్కన దూకుతుంది, చివరి పది మీటర్లలో పక్కన ఒక చేయి కనబడుతూ ఉంటుంది. ఆ రోజు స్టాప్‌వాచ్‌ను ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. టైమింగ్ బోర్డు మీద ఎలాగూ కనబడుతుంది. ఆమె నీళ్ళలోంచి పైకి రాగానే, ఎన్ని బారలు పడ్డాయో గుర్తుందా అని మాత్రం అడగండి.